రెండు ఆక్సిజన్లు తక్కువ

మొన్న సోమవారం కొంగరకలాన్ కలెక్టరేట్‌లో అర్జీల వరుసలో కూర్చున్నాను. మా కాలనీ మురికికాలువ గురించి అది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ ఎవరి బల్ల మీద ఎప్పుడు ఆగిపోయాయో నా దగ్గర రాసి ఉంది. నా పక్కన తల్లితో వచ్చిన ఒక అమ్మాయి ఇయర్‌ఫోన్లు లేకుండానే ఫోన్‌లో పాఠం వింటోంది. ముందు నీటి బుడగ పగిలిన శబ్దం, తర్వాత గాజుకు గాజు తగిలినట్టు సన్నని మోత, ఆ వెంటనే "హలో ఫ్రెండ్స్" అంటూ పంచదార పూసిన ఆడగొంతు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మూడూ అదే వరుసలో వినపడేసరికి ఒళ్ళు మండింది. నా టోకెన్ నంబరు పిలిచినా వినిపించుకోలేదు. మేం స్కూల్లో చూసిన ఆ వీడియోల మీద నాకు తెలిసిన ఇంకో గొంతు ఉండేది. సరిగ్గా బొమ్మలు ఉత్సాహంగా ఎగిరే సమయానికి "ఆపండి. ఇప్పుడు లెక్కపెట్టండి" అనేది. అది మా రసాయనశాస్త్రం టీచరు విజయలక్ష్మి మేడం గొంతు. ఆమె పోయి రెండేళ్ళయింది. పోయినప్పుడు మా పాత స్కూలు వాళ్ళు ఆమె ఫోటోకు దండ వేసి, "మా పాఠశాలలో డిజిటల్ బోధనకు పునాది వేసిన మహనీయురాలు" అని ఫోన్లలో తిప్పారు. ఆమెను ఉద్యోగంలోంచి పంపేసింది ఆ స్కూలే. ఆ ముక్క మాత్రం రాయలేదు. అందుకని నేను రాస్తున్నాను.

మేం చదివే రోజుల్లో సాగర్ రోడ్డు పొడుగునా ఎక్కడ చూసినా వెంచర్ల జెండాలే. మా బాపు ప్లాట్లు చూసేందుకు వచ్చేవాళ్ళను తిప్పే కారు నడిపేవాడు. జొన్న చేనుగా నాకు తెలిసిన చోటును వేలు పెట్టి చూపిస్తూ "ఈడ క్లబ్‌హౌస్ వస్తది సార్" అని చెప్పడం ఆయన పనిలో భాగం. అదే గాలి మా స్కూలుకూ సోకింది. ఇబ్రహీంపట్నం బస్ డిపో దాటాక ఉన్న ఆ ఇంగ్లీషు మీడియం స్కూల్లో సైన్స్ ల్యాబ్ అని ఒక గది ఉండేది. మేం తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అందులోని బీకర్లు, సీసాలు గోనెసంచుల్లో మెట్ల కిందికి చేరాయి. గోడకు పెద్ద తెర బిగించి, ఏసీ పెట్టి, తలుపు మీద డిజిటల్ రూమ్ అని రాయించారు. ఏదో కంపెనీ తయారుచేసిన బొమ్మల వీడియోలు నెట్ ద్వారా ఆ తెర మీదికి వచ్చేవి. కరస్పాండెంట్ సార్ స్వయంగా వచ్చి మొదటిది వేసి చూపించారు. ఇక మీదట కెమిస్ట్రీ అంటే వాసన లేదు, మంట లేదు, పగిలేది లేదు అని ఆయన సంతోషపడ్డారు. మేడం వెనక బెంచీ దగ్గర నిలబడి విన్నారు. ఆమెది తెనాలి వైపు. వనస్థలిపురంలో ఉంటూ రోజూ బస్సులో వచ్చేవారు. ఏమీ అనలేదు. ఆ రోజు ఏమీ అనకపోవడం నాకు నచ్చలేదు. నచ్చలేదన్న సంగతి ఇప్పటికీ గుర్తుంది.

నిజం చెప్పాలంటే మొదటి ఆరు నెలలు మేడం కూడా అందరిలాగే వీడియో వేసి పక్కన నిలబడ్డారు. అర్ధసంవత్సర పరీక్షలో ఆక్సిజన్ భౌతిక ధర్మాలు రాయమని ప్రశ్న వచ్చింది. ఆక్సిజన్ ఎర్రగా, గుండ్రంగా, నున్నగా ఉంటుందని మా సెక్షన్‌లో దాదాపు అందరం రాశాం. ఒకడైతే హైడ్రోజన్ తెల్లగా, దానికంటే చిన్నగా ఉంటుందనీ, రెండూ కలిసేటప్పుడు నవ్వుతాయనీ రాశాడు. వాడి తప్పు లేదు, వీడియోలో వాటికి కళ్ళూ నోరూ ఉండేవి. జవాబు పత్రాల కట్ట బల్ల మీద పెట్టి, మేడం మమ్మల్ని గట్టిగా ఊపిరి పీల్చమన్నారు. పీల్చాం. ఇప్పుడు లోపలికి వెళ్ళినదాని రంగేమిటని అడిగారు. రంగు లేదన్నాం.

"మరి ఎర్రగా ఉంటుందని మీకెవరు చెప్పారమ్మా?" అన్నారు.

వెనక నుంచి ఒకడు లేచి, "మీరే సూపెట్టిండ్రు కద మేడం" అన్నాడు.

మేం నవ్వలేదు. ఆమె కోప్పడతారని చూశాం. ఆమె కుర్చీలో కూర్చుని ఆ కాగితాల వైపు చూసి, "అవును, నేనే చూపించాను" అన్నారు. నా చదువంతటిలో ఒక టీచరు నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఎందరో నా ముందు తప్పులు చేశారు, నేను ఎత్తి చూపాను కూడా. వాళ్ళు నెట్ బాగాలేదన్నారు, ప్రింటింగ్ లోపమన్నారు, పై నుంచి అలాగే వచ్చిందన్నారు.

మరుసటి వారం నుంచి ఆమె పద్ధతి మారిపోయింది. ఇంటి నుంచి తలా ఒక గుప్పెడు గింజలు తెమ్మన్నారు. పెసలు, కందులు, అనుములు, చింతగింజలు, ఏవైనా సరే. వీడియోలో రెండు పదార్థాలు కలవబోయే క్షణానికి ముందు ఆపేవారు. తెర మీద ఎడమవైపు ఎన్ని బంతులు ఉన్నాయో అన్ని గింజలు బెంచీ మీద పెట్టుకోవాలి. కలిశాక ఏమవుతుందో ఆ గింజలతోనే పేర్చాలి. కొత్త గింజ తీయకూడదు, ఉన్నది దాచకూడదు. పేర్చి, నోట్సులో పెన్నుతో రాశాకే వీడియో ముందుకు సాగేది. ఇంకొక నియమం ఉండేది. ఇవాళ ఆక్సిజన్ చింతగింజ అయితే రేపు పెసరగింజ కావాలి, ఎల్లుండి అనుమగింజ. రోజూ మార్చాలి. మాకు విసుగొచ్చేది. మార్చకపోతే ఏమవుతుంది మేడం అని నేనే అడిగాను. "రంగు మనం పెట్టుకున్నదమ్మా, రేపు మార్చుకోవచ్చు. లెక్క మనం పెట్టింది కాదు, దాన్ని ముట్టుకోకూడదు" అన్నారు. నాకు అప్పటికే ఎవరు ఏ మాట ఎప్పుడు అన్నారో గుర్తుపెట్టుకునే బుద్ధి ఉంది. దాన్ని ఇంట్లో జగడాలమారితనం అనేవాళ్ళు. ఆ గదిలో మాత్రం అది పనికొచ్చే గుణమైంది. బెంచీ మీద గింజలు ఎక్కువో తక్కువో అయితే చెయ్యెత్తడం నేరం కాని చోటు నేను చూసింది అదొక్కటే.

పదో తరగతిలో మీథేన్ మండే వీడియో వచ్చింది. అందరికీ ఇష్టమైనది అది. ఢామ్మని మంట వస్తుంది, తెరంతా నారింజరంగు అవుతుంది, పొగలోంచి రెండు నీటి బొమ్మలు, ఒక కార్బన్ డయాక్సైడ్ బొమ్మ చేతులు పట్టుకుని బయటికి వస్తాయి. మంటకు ముందు మేడం ఆపారు. ఎడమవైపు ఉన్నవి పెట్టుకున్నాను. కార్బన్ ఒకటి, హైడ్రోజన్ నాలుగు, ఆక్సిజన్ రెండు. ఆ రోజు ఆక్సిజన్ అంటే కందిగింజ. నాకు తోచినట్టు పేర్చి రాశాను. వీడియో సాగాక తెర మీద వచ్చినట్టు కుడివైపు మళ్ళీ పేరుద్దామంటే నా దగ్గర కందిగింజలు రెండు తక్కువ పడ్డాయి. మళ్ళీ పేర్చాను. మళ్ళీ తక్కువే. చెయ్యెత్తాను. కింద పడ్డాయేమో చూసుకోమ్మా అన్నారు మేడం. నేను గింజలు జారవిడిచే మనిషినని ఆమె అనుకోవడం నాకు గుచ్చుకుంది. అయినా బెంచీ కిందికి దూరి వెతికాను. దొరకలేదు. లేచి నిలబడి, "నేను పడెయ్యలే మేడం. ఆడనే తక్కువున్నయ్" అన్నాను.

ఆమె వీడియో వెనక్కి జరిపారు. తెర దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క ఎర్ర బంతి మీదా వేలు పెట్టి లెక్కించారు. మంటకు ముందు రెండు, మంట తర్వాత నాలుగు. ఇంకోసారి జరిపి ఇంకోసారి లెక్కించారు. అప్పుడు మా వైపు తిరిగి, నన్ను చూపిస్తూ, మంజుల గింజలు సరిగ్గానే ఉన్నాయని, వీడియోలోనే ఆక్సిజన్లు తక్కువని చెప్పారు. అదే వీడియోను అంతకుముందు రెండు సెక్షన్లకు చూపించాననీ, మంట వైపే చూశాననీ కూడా చెప్పారు. మరునాడు ఆ రెండు సెక్షన్లకూ వెళ్ళి ఆ మాటే మళ్ళీ చెప్పి వచ్చారు. తరగతి బయటికి వచ్చాక నన్ను పిలిచి, నువ్వే కనిపెట్టావు కాబట్టి కంపెనీకి నువ్వే రాయాలన్నారు.

నేను రాసుకెళ్ళిన మొదటి ఉత్తరం మూడు పేజీలు. అందులో కంపెనీ వాళ్ళను నిర్లక్ష్యపు మనుషులని, పిల్లల జీవితాలతో ఆడుకుంటున్నారని, సిగ్గుండాలని రాశాను. మేడం పూర్తిగా చదివారు. చదివి, "బాగుంది. కోపమంతా ఇందులో పోసేశావుగా, దీన్ని ఇంట్లో దాచుకో. ఇప్పుడు ఇంకో కాగితం తీసి నిమిషం, సెకను రాయి" అన్నారు. ఏ వీడియో, ఎన్నో నిమిషం, ఎన్నో సెకను, అక్కడ ఏముంది, ఏముండాలి, మనం ఏం కోరుతున్నాం. అంతే. ఆ కాగితం తొమ్మిది వరుసల్లో అయిపోయింది. రెండు నిమిషాల పద్నాలుగో సెకను దగ్గర ఆక్సిజన్ అణువు ఒకటే, అంటే రెండు బంతులే చూపారు, రెండు అణువులు చూపాలి. మేడం మెయిల్ నుంచి నా పేరుతో పంపాం. మీ అభిప్రాయం మాకెంతో విలువైనదని జవాబు వచ్చింది, చివర ఒక నవ్వు ముఖం బొమ్మతో. మళ్ళీ పంపాం. ఈసారి బొమ్మ కూడా రాలేదు. సంగతి ఎలాగో కరస్పాండెంట్ సార్‌కు తెలిసింది. స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి, "ఏంది మేడం, మన పోరగాళ్ళు కంపెనీకే తప్పులు తీస్తున్నరా? గంత పెద్దోళ్ళకు ఎరుక లేదా?" అని నవ్వుతూ అన్నారు. ఆ నవ్వు నేను వరండాలోంచి విన్నాను.

పరీక్షలకు మూడు వారాల ముందు కొత్త అడ్మిషన్ల కోసం ఒక ఆదివారం తల్లిదండ్రులను పిలిచారు. డిజిటల్ రూమ్ చూపించి మెప్పించాలి. సార్‌కు మీథేన్ వీడియోనే కావాలి, మంట వస్తుంది కనక. అందులో తప్పుంది, వేరేది వేద్దామని మేడం రెండుసార్లు చెప్పారు. సార్ వినలేదు. ఇంగ్లీషు బాగా చదువుతానని తెర పక్కన నిలబడి మాట్లాడే పని నాకిచ్చారు. ఆ ఉదయం మేడం నన్ను పక్కకు తీసుకెళ్ళి, "ఇవాళ్టికి వదిలెయ్ మంజులా, వేరే రోజు చూద్దాం" అన్నారు. నేను తల ఊపాను. ఊపినందుకు అప్పుడే నా మీద నాకు కోపం వచ్చింది. గది నిండా జనం. మా బాపు కూడా వెనక నిలబడ్డాడు. వీడియో రెండు నిమిషాల పద్నాలుగో సెకనుకు వచ్చింది. ఆపాను.

ఎర్ర బంతులు లెక్కపెట్టమని అందరినీ అడిగాను. ముందు వరుసలో మార్కెట్‌లో కూరగాయలమ్మే ఒకామె మనవడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె వేలు చాపి లెక్కపెట్టింది. నేను వీడియో ముందుకు నడిపి, మంట అయ్యాక మళ్ళీ ఆపాను. ఆమె మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇందాక రెండే ఉండె బిడ్డా. ఇప్పుడు నాలుగైనయ్. గా రెండు ఏడికెల్లి వచ్చినయ్?" అంది.

గదంతా నవ్వు. పక్కనున్నాయన "మంటల పిల్లలు పెట్టినయ్ అక్కా" అన్నాడు. నేను రాసిన తొమ్మిది వరుసల్లోని విషయాన్ని బడి మెట్లెక్కని మనిషి ఒక్క నిమిషంలో పట్టుకుంది. నా జీవితంలో అంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదని ఒప్పుకుంటాను. కరస్పాండెంట్ సార్ నవ్వలేదు.

మరునాడు నన్ను, బాపును ఆఫీసు గదికి పిలిచారు. మేడం అప్పటికే అక్కడ ఉన్నారు. సార్ నాతో మాట్లాడలేదు, బాపుతో మాట్లాడారు. "హాల్‌టికెట్ నా సొరుగుల ఉన్నది, ఎరుకే కదా అన్నా? నీ బిడ్డ పరీక్ష రాస్తదో రాయదో నువ్వే చెప్పు" అన్నారు. బాపు చేతులు కట్టుకున్నాడు. రోజంతా కోటీశ్వరులను కారులో తిప్పే మనిషి, నా కోసం చేతులు కట్టుకుని, చిన్నపిల్ల సార్ అన్నాడు. నేను చిన్నపిల్లను కాను, లెక్కపెట్టాను అందామని నోరు తెరిచేలోపు మేడం లేచారు.

"తప్పు నాదండి. అలా ఆపమని నేనే చెప్పాను."

అది అబద్ధం. "మేడం చెప్పలే. నేనే ఆపిన" అన్నాను. బాపు నా భుజం నొక్కాడు. "నువ్వు ఊరుకో మంజులా" అన్నారు మేడం, నా వైపు చూడకుండా. సార్ క్షమాపణ రాసిమ్మన్నారు. ఆమె ఆ బల్ల దగ్గరే కూర్చుని రాశారు. ఒకటి కాదు, రెండు ప్రతులు. ఒకటి ఆయనకిచ్చి, రెండోదాని మీద అందినట్లు సంతకం, ముద్ర వేయించుకున్నారు. ఒకసారి తలొంచితే చాలదా, దానికి నకలు కూడానా అనుకున్నాను. హాల్‌టికెట్ వచ్చింది. పరీక్ష రాశాను. వేసవి తర్వాత మేడంను రావద్దన్నారు. నేను ఆమెను కలవడానికి వెళ్ళలేదు. కంపెనీ మీద, సార్ మీద ఉన్న కోపం కంటే ఆమె మీద కోపమే ఎక్కువ. సరైన లెక్క చేతిలో పెట్టుకుని క్షమాపణ రాసిన మనిషి అని ఆమెను ఏళ్ళ తరబడి మనసులో దోషిగా నిలబెట్టాను.

డిగ్రీలో ఉండగా ఒకరోజు ఊరికే ఆ వీడియో వెతికాను. రెండు నిమిషాల పద్నాలుగో సెకను. ఎడమవైపు నాలుగు ఎర్ర బంతులు. దిద్దారు. ఎవరు చెప్పారో, ఎందుకు దిద్దారో ఒక్క మాట లేదు. అయినా నా ఉత్తరం పనిచేసిందని నాకు ఆకాశం అందింది. ఆ మాట మేడం ముఖం మీద చెప్పాలని, చూశారా, తలొంచకుండా రాస్తే పని అవుతుంది అనాలని, అడ్రసు పట్టుకుని వనస్థలిపురం వెళ్ళాను. ఇంటి ముందు గదిలో ట్యూషన్ పిల్లలు నేల మీద గింజలు పేరుస్తున్నారు. ఆమె నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు, కూర్చోమన్నారు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆమె విని, లోపలికి వెళ్ళి ఒక ఫైలు తెచ్చి, అందులోంచి ఆ క్షమాపణ తీసి నా చేతికిచ్చారు.

నేను అంతవరకూ దాన్ని చదవలేదు. అతిథుల ముందు పాఠానికి అంతరాయం కలిగినందుకు చింతిస్తున్నానని మొదటి వాక్యం. ఆ తర్వాత ఏ వీడియో, ఎన్నో నిమిషం, ఎన్నో సెకను, అక్కడ ఎన్ని ఆక్సిజన్లు ఉన్నాయో, ఎన్ని ఉండాలో. కింద కరస్పాండెంట్ సార్ సంతకం, స్కూలు ముద్ర. ఆయన చింతిస్తున్నాను వరకూ చదివి సంతకం పెట్టారన్నమాట. ఆ ప్రతిని ఫోటో తీసి మేడం కంపెనీకి పంపారు. డబ్బు కట్టే స్కూలు ముద్ర చూసి వాళ్ళు పదిరోజుల్లో దిద్దారు. నేను పేరు పెట్టి రాస్తే నవ్వు ముఖం బొమ్మ, ముద్ర పడితే సవరణ. ఇన్నేళ్ళయినా ఇది తలచుకుంటే నాకు పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది. నా ఉత్తరం వల్ల ఏమీ కాలేదు. నేను అసహ్యించుకున్న కాగితం వల్ల అయింది.

సిగ్గుపడాల్సిన చోట కూడా నా బుద్ధి పోనిచ్చుకోలేదు. మూడో వరుస మీద వేలు పెట్టి, "'నా సూచన మేరకే విద్యార్థిని ఆపింది' అని రాశారు. గిది తప్పు మేడం" అన్నాను. ఆమె కళ్ళజోడు సర్దుకుని చదివారు. "అవునమ్మా. ఈ కాగితంలో తప్పు అదొక్కటే" అన్నారు. పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసి, పక్కన "ఆపింది మంజుల. నేను వద్దన్నాను" అని రాసి, సంతకం చేసి, "ఇది నీదే, తీసుకెళ్ళు" అన్నారు. అంతవరకూ నేను గెలిచానో ఓడానో తేల్చుకోలేకుండా ఉన్నాను. ఆ సంతకం ఆరేలోపు ఒకటి తెలిసొచ్చింది. ఆ ఆదివారం నేను ఆపకపోతే ఆమె ఉద్యోగం ఉండేది. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. నేను కూడా అనలేకపోయాను. క్షమించమని అడగాలనుకుని, చెప్పులు వేసుకుని, పిల్లల గింజలు తొక్కకుండా చూసుకుంటూ బయటికి వచ్చేశాను.

ఇప్పుడు నేను మందుల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేస్తున్నాను. ఏ బ్యాచిలో ఏది తేడా వచ్చినా రాయడం నా ఉద్యోగం. నేను రాసినవి చదివి ముఖం చిట్లించేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ పేర్లు నాకు తెలుసు. ఎవరు ఎన్ని అన్నా, అలాంటి ఆదివారం మళ్ళీ వస్తే మళ్ళీ ఆపుతాను, ఆ విషయంలో నాలో మార్పేమీ లేదు. ఒకటి మాత్రం నేర్చుకున్నాను. నేను రాసే ప్రతి ఫిర్యాదులోనూ, నిమిషం, సెకను కంటే ముందు, మొదటి వరుస ఒకటే ఉంటుంది: దీన్ని గమనించింది నేనే, రాస్తున్నది నేనే, నాకు ఎవరూ చెప్పలేదు. ఆ వరుస అనవసరమని, తీసేయమని మా పైఅధికారి నాకు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ నేను దాన్ని అలాగే ఉంచి పంపాను.